పసిపిల్లల ఇంద్రియక్రీడ – ఇంటి వస్తువులు: తార్నాక పోషకాహార పరిశోధనల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఏడాది నిండని బిడ్డ గరిటెతో పళ్లెం మీద కొట్టడం, గిన్నె మూత తీసి పెట్టడం, చీరచెంగు చాటున దాగిన ముఖాన్ని వెతకడం చూడటానికి కాలక్షేపాలు. శిశువికాస శాస్త్రం దృష్టిలో ఇవి తొలి అభ్యసన క్రియలు. ఇంటి వస్తువులతో సాగే ఈ ఇంద్రియక్రీడ హైదరాబాదులోని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల్లోకి ఏ క్రమంలో ప్రవేశించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1968లో వెలువడిన క్వాషియార్కర్ అధ్యయనం, 1990ల నాటి వికాస కొలమానాలు, 2013లో ప్రచురితమైన నల్గొండ జిల్లా గ్రామీణ ప్రయోగం ఇందుకు ప్రధాన ఆధారాలు. పొరుగునే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సాగిన జానపద పరిశోధననూ, అక్కడ రూపుదిద్దుకున్న స్త్రీవాద విమర్శనూ వీటితో కలిపి చదివినప్పుడే ఈ చరిత్ర పూర్తిగా అర్థమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఇంద్రియక్రీడ, శిశువికాసం, జాతీయ పోషకాహార సంస్థ, తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయం, అనుబంధాహారం, అంగన్‌వాడీ, నవచేతన.

1. ప్రవేశిక:

తెలుగులో బాలసాహిత్యం మీద, పిల్లల ఆటల మీద వచ్చిన పరిశోధన తక్కువేమీ కాదు. అయితే అందులో అధికభాగం మాటలు వచ్చిన పిల్లల గురించే. చెమ్మచెక్క, గుజ్జనగూళ్లు, దాగుడుమూతలు, గోలీలు ఆడే బిడ్డకు కాళ్లు వచ్చాయి, మాట వచ్చింది, తోటి పిల్లలు దొరికారు. అంతకుముందున్న దశలో, అంటే ఒడిలోనూ ఉయ్యాలలోనూ చాపమీదా గడిచే మొదటి ఏడాదిన్నరలో, బిడ్డ ఆడే ఆటకు పేరు ఉండదు, నియమం ఉండదు. చేతికందినది పట్టుకోవడం, నోట్లో పెట్టుకోవడం, నేలకు కొట్టడం, జారవిడిచి చప్పుడు వినడం, మళ్లీ కావాలని ఏడవడం: ఇదే ఆ ఆట. పేరు లేనందువల్ల అది పరిశోధకుల పట్టికలకు ఎక్కలేదు.

స్విట్జర్లాండుకు చెందిన జీన్ పియాజే 1936లో వెలువరించిన గ్రంథంలో ఈ దశకు ఇంద్రియచాలక దశ అన్న శాస్త్రీయ స్థానం లభించింది. పుట్టుక నుంచి సుమారు రెండేళ్ల వరకు బిడ్డ ఆలోచన ఇంద్రియాల ద్వారా, శరీర కదలికల ద్వారా సాగుతుందని ఆయన ప్రతిపాదన. అంతకుముందే, 1907లో రోమ్ నగరంలో తొలి బాలగృహాన్ని తెరిచిన మరియా మాంటిస్సోరి ఇంద్రియశిక్షణను విద్యకు పునాదిగా నిలిపారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన ఆమె మధ్యలో స్వల్పకాలం మినహా ఒక దశాబ్దం పాటు భారతదేశంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. తరువాతి కాలంలో బ్రిటన్‌కు చెందిన ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ కూర్చోగలిగిన పసిబిడ్డ ముందు లోహపు చెంచాలు, చెక్క వస్తువులు, బ్రష్షులు, గుడ్డ ముక్కలు నింపిన ఒక బుట్టను ఉంచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. బజారు బొమ్మ కంటే ఇంటి వస్తువే బిడ్డ ఇంద్రియాలకు ఎక్కువ వైవిధ్యాన్ని ఇస్తుందన్నది ఆ పద్ధతి సారాంశం.

తెలుగునేల మీద ఈ ఆలోచన ప్రయోగరూపం దాల్చిన ముఖ్యమైన సందర్భాలలో ఒకటి విద్యాశాఖలో కాక పోషకాహార ప్రయోగశాలలో పుట్టడం గమనించదగ్గ విషయం. అన్నం గురించి పరిశోధించడానికి ఏర్పడిన సంస్థ ఆట దగ్గరికి ఎందుకు రావలసి వచ్చింది? ఈ వ్యాసం ప్రధానంగా చర్చించే ప్రశ్న ఇది.

2. ఇరుగుపొరుగు: పాటను సేకరించిన ప్రాంగణం, గిన్నెను కొలిచిన ప్రయోగశాల:

జాతీయ పోషకాహార సంస్థ మూలాలు తమిళనాడులోని కూనూరులో ఉన్నాయి. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అక్కడి పాశ్చర్ సంస్థలో ఒక్క గదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధన విభాగం క్రమంగా పోషణ పరిశోధనశాలగా ఎదిగింది. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ఆనుకొని తార్నాకలో స్థిరపడింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు వచ్చింది. 1918 ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆరంభమైన సంవత్సరం కూడా కావడం యాదృచ్ఛికమే. కానీ నలభై ఏళ్ల తరువాత ఈ రెండు సంస్థలు ఇరుగుపొరుగు కావడం వల్ల రెండు జ్ఞానరీతులు పక్కపక్కనే నిలిచాయి.

1950ల దశకంలో ఉస్మానియా తెలుగుశాఖలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయసాహిత్యం మీద పరిశోధన చేశారు. పల్లెల నుంచి సేకరించిన పాటలను వర్గీకరించే ఆ కృషి స్త్రీల పాటలకూ పిల్లల పాటలకూ విశ్వవిద్యాలయంలో చోటు కల్పించింది. జోలపాట, లాలిపాట, బిడ్డను ఆడించే పాట అప్పటినుంచి పరిశోధనాంశాలయ్యాయి. అయితే జానపద విజ్ఞానం పాట పాఠాన్ని గ్రంథస్థం చేసినంతగా, ఆ పాటతో పాటు తల్లి చేతిలో ఊగిన గిలకనూ, బిడ్డ చూపు తిరిగిన దిక్కునూ నమోదు చేయలేదు. ఆ శాస్త్రం లక్ష్యం అది కాదు.

తార్నాక ప్రయోగశాల పద్ధతి ఇందుకు భిన్నమైనది. 1972లో ఆ సంస్థలో ఏర్పడిన జాతీయ పోషణ పర్యవేక్షణ మండలి క్షేత్రసర్వేల్లో పరిశోధకులు ప్రమాణీకరించిన గిన్నెలు, చెంచాలు వెంట తీసుకొని ఇళ్లకు వెళ్లేవారు. నిన్న ఇంట్లో ఎవరు ఎంత తిన్నారో ఇల్లాలు ఆ గిన్నెలతో పోల్చి చెప్పేది. ఆ లెక్కను బట్టి కేలరీలు, మాంసకృత్తులు గణించేవారు. ఈ పద్ధతిలో గిన్నె ఒక కొలత. అదే గిన్నెను బోర్లించి కొడుతూ పక్కనే కూర్చున్న పసిబిడ్డ ఆ లెక్కలో తినే నోరుగా కనిపిస్తుందే తప్ప ఆడే చేయిగా కనిపించదు.

ఒకచోట పాట, ఇంకొకచోట పథ్యం. రెండింటికీ నడుమ ఉన్న వస్తువు, దాన్ని పట్టుకున్న బిడ్డ చేయి చాలాకాలం రెండు శాస్త్రాల దృష్టికీ రాలేదు.

3. తెలుగింటి ఇంద్రియక్రీడ: వస్తువులు, సందర్భాలు:

పరిశోధన గుర్తించకముందే ఇంట్లో ఈ ఆట ఉంది. దాన్ని మూడు రకాల సందర్భాలుగా చూడవచ్చు.

మొదటిది నిత్యకృత్యం. పీట మీద కాళ్లు చాచి కూర్చున్న అమ్మమ్మో నాయనమ్మో బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకొని నూనె రాయడం, సున్నిపిండితో నలుగు పెట్టడం, గోరువెచ్చని నీళ్లు పోయడం తెలుగిళ్లలో తరతరాలుగా సాగుతున్నవే. నూనె నునుపు, పిండి గరుకు, నీటి వెచ్చదనం, గుడ్డతో తుడిచినప్పటి ఒత్తిడి ఒకదాని వెంట ఒకటి చర్మానికి తెలుస్తాయి. ఆ వరుస రోజూ ఒకే విధంగా ఉండటం వల్ల తరువాత ఏమి జరగబోతుందో బిడ్డ ఊహించడం నేర్చుకుంటుంది. అయితే సంప్రదాయంలోని ప్రతి అంశమూ అనుసరణీయం కాదు. స్నానం తరువాత బిడ్డను సాంబ్రాణి పొగలో ఉంచడం ఊపిరితిత్తులకు హాని చేస్తుందని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

రెండవది వస్తువు. తొట్టెల మీద వేలాడే రంగు చిలకలు చూపును నిలుపుతాయి. గిలక చప్పుడు తలను తిప్పిస్తుంది. అనకాపల్లి ప్రాంతపు ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క పూసి చేసే బొమ్మలు నునుపైన స్పర్శకూ, మొక్కల నుంచి తీసే రంగులకూ ప్రసిద్ధి. అయినా అన్ని ఇళ్లకూ అందుబాటులో ఉన్నవి వంటింటి వస్తువులే: గరిటె, పళ్లెం, మరచెంబు, జల్లెడ, చేట, పప్పుగుత్తి, కొబ్బరిచిప్ప, పాత చీరముక్క. వీటిలో ఒక్కొక్కటి ఒక్కో గుణాన్ని పరిచయం చేస్తుంది. స్టీలు గ్లాసు చల్లగా ఉంటుంది, చెక్కగరిటె ఉండదు. పళ్లేనికి తగిలితే మోగుతుంది, చాపకు తగిలితే మోగదు. జల్లెడలోంచి వెలుతురు కనిపిస్తుంది, చేటలోంచి కనిపించదు. చిన్న గిన్నె పెద్ద గిన్నెలో పడుతుంది, పెద్దది చిన్నదానిలో పట్టదు. పరిమాణం, బరువు, ధ్వని, ఉష్ణం, కార్యకారణ సంబంధం అన్న భావనలకు మాటలు రాకముందే ఇవి ఆధారాలవుతాయి.

మూడవది సంస్కారం, వినోదం. అన్నప్రాశన నాడు బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, పువ్వు, కత్తి వంటివి పేర్చి, పాకి వెళ్లి ఏది పట్టుకుంటుందో చూడటం ఆచారం. పెద్దలు దానిలో భవిష్యత్తును చదువుతారు. వికాసశాస్త్రం అదే దృశ్యంలో చూపు, ఎంపిక, పాకడం, అందుకోవడం అన్న నాలుగు సామర్థ్యాలను చదువుతుంది. ఘనాహారం మొదలయ్యే రోజునే వస్తువులను బిడ్డ ముందు పెట్టడం, అంటే అన్నాన్నీ ఆటనూ ఒకే పీట మీద ఉంచడం, ఈ వ్యాసం చర్చించే చరిత్రకు ఆసక్తికరమైన పూర్వరంగం. దోబూచులాట కూడా ఇటువంటిదే. చెంగు అడ్డం పెట్టుకొన్న ముఖం మాయమైనా లేకుండా పోలేదని బిడ్డ గ్రహించడాన్ని పియాజే వస్తు శాశ్వతత్వ భావనగా వివరించారు.

ఇంతమాత్రాన గతం అంతా ఆటపాటలమయమని భావించడం సరికాదు. తల్లీతండ్రీ ఇద్దరూ పొలానికి పోయే ఇంట్లో బిడ్డ ఉయ్యాల ఊపేది ఆరేడేళ్ల అక్క. ఆ అక్క బడి మానేసిన పిల్ల కావచ్చు. పప్పుగుత్తి ప్రతి ఇంట్లోనూ ఉన్నా, దాన్ని చేతికిచ్చి కాసేపు ఎదురుగా కూర్చునే పెద్దమనిషి ప్రతి ఇంట్లోనూ ఉండకపోవచ్చు. వస్తువు కంటే మనిషి కరువన్న ఈ అంశం తరువాతి చర్చకు కీలకం.

4. కన్ను, చేయి, బుద్ధి: 1968 అధ్యయనం:

1960లలో తార్నాక పరిశోధనశాల ప్రధానంగా తీవ్ర పోషణలోపాలతో పోరాడుతుండేది. సి. గోపాలన్ నాయకత్వంలోని ఆ కాలంలో క్వాషియార్కర్ వ్యాధితో ఒళ్లు ఉబ్బి వచ్చే పిల్లలు, విటమిన్-ఎ లోపంతో చూపు కోల్పోయే పిల్లలు పరిశోధకుల తక్షణ సమస్యలు. చిన్నపిల్లలకు ఆరునెలలకొకసారి విటమిన్-ఎను పెద్ద మోతాదులో ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలవడానికి ఈ సంస్థ పరిశోధనలు తోడ్పడ్డాయి. ఇక్కడ పోషణశాస్త్రం ఒక ఇంద్రియాన్ని కాపాడింది. కాపాడిన కన్ను ఏమి చూసి ఏమి నేర్చుకుంటుందన్నది ఇంకా దాని ప్రశ్న కాలేదు.

ఆ ప్రశ్నకు దారి వేసినది 1968లో అమెరికా క్లినికల్ న్యూట్రిషన్ పత్రికలో ఎస్. చంపకం, ఎస్. జి. శ్రీకంఠయ్య, సి. గోపాలన్ ప్రచురించిన ‘క్వాషియార్కర్ – మానసిక వికాసం’ అన్న వ్యాసం. ఒకటిన్నర నుంచి మూడేళ్ల వయసులో క్వాషియార్కర్‌కు చికిత్స పొంది కోలుకున్న 19 మంది పిల్లలను వారు 8 నుంచి 11 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించారు. వయసు, సామాజిక, ఆర్థిక నేపథ్యం వంటి అంశాల్లో వారితో సరిపోలే పిల్లలను పోలిక కోసం ఎంచుకున్నారు. వ్యాధికి గురైన పిల్లలు బుద్ధి పరీక్షల్లో వెనుకబడి ఉన్నారని తేలింది. ఈ అంతరం 8–9 ఏళ్ల వారిలో ఎక్కువగా, 10–11 ఏళ్ల వారిలో కొంత తక్కువగా కనిపించింది.

ఈ అధ్యయనంలోని ఒక భాగం ప్రస్తుత విషయానికి మరింత సన్నిహితమైనది. పరిశోధకులు జ్ఞాపకశక్తిని, భాషనే కాక ఇంద్రియాల మధ్య సమన్వయాన్ని కూడా పరీక్షించారు. కంటితో చూసిన ఆకారాన్ని చేతితో తడిమి గుర్తించడం, చేయి కదలిక ద్వారా తెలిసిన ఆకారాన్ని చూపుతో పోల్చడం వంటివి ఈ పరీక్షల స్వభావం. హెర్బర్ట్ బర్చ్ రూపొందించిన ఈ పద్ధతిని క్రావియోటో బృందం 1966లో గ్వాటెమాలా గ్రామీణ బాలల అధ్యయనంలో ఉపయోగించింది. హైదరాబాదు పిల్లల్లోనూ పోషణలోపం పాలబడినవారు ఈ సమన్వయంలో వెనుకబడి ఉన్నట్లు కనబడింది.

పళ్లెం అంచును చూస్తూ తడిమే పసిబిడ్డ చేసేది కూడా కన్నుకూ చేతికీ పొత్తు కుదర్చడమే. 1968 అధ్యయనం ఆటను గురించి మాట్లాడలేదు. కానీ పోషణలోపం దెబ్బ పడేచోటు, ఆట నిర్మించేచోటు ఒకటేనని అది పరోక్షంగా చూపింది. దాని పరిమితి కూడా అంతే స్పష్టం. తీవ్ర వ్యాధి బారిన పడిన బిడ్డ ఆకలితో పాటు ఆసుపత్రిలో గడిపిన కాలాన్నీ, నీరసంతో ఆడలేకపోయిన నెలలనూ మోసుకొస్తుంది. ఏ నష్టం అన్నలోపం వల్ల, ఏ నష్టం ఆటలోపం వల్ల అన్న విభజన అటువంటి అధ్యయనంలో సాధ్యం కాదు.

5. కొలమానం, ఇంటి వాతావరణం:

1980ల చివర హైదరాబాదు సమీప గ్రామాల్లో జరిగిన పోషణ ప్రయోగం ఆహారప్రభావాన్ని దీర్ఘకాలంలో చూపింది. 1987–90 మధ్య 29 గ్రామాలలో సాగిన ఆ ప్రయోగంలో, గర్భిణులకూ చిన్నపిల్లలకూ అనుబంధాహారం అందిన గ్రామాల పిల్లలు కౌమారదశలో సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తుగా ఉన్నారని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన పరిశోధన తెలిపింది. అన్నం ఎత్తులో కనిపిస్తుంది. ఎత్తును కొలబద్దతో కొలవవచ్చు. వికాసాన్ని దేనితో కొలవాలి?

సంస్థలోని మనోవిజ్ఞాన పరిశోధకులు ఈ లోటును పూరించే ప్రయత్నం చేశారు. షహనాజ్ వజీర్, ఆమె సహపరిశోధకులు 1994లో ఇండియన్ పీడియాట్రిక్స్ పత్రికలో భారతీయ పిల్లల మానసిక-సామాజిక వికాసాన్ని అంచనా వేసే పరీక్షల సంపుటిని ప్రచురించారు. పెద్ద కండరాల కదలిక, చూపు, చేతివేళ్ల నేర్పు, వినికిడి, భాష, భావనలు, సొంతపనులు చేసుకోవడం, సాంఘిక నైపుణ్యం అన్న ఐదు రంగాలు అందులో ఉన్నాయి. చూపునూ వినికిడినీ వికాసపు అంగాలుగా విడివిడిగా చూసే ఈ పట్టిక వల్ల క్షేత్రకార్యకర్త బిడ్డను తూచడమే కాక గమనించడమూ నేర్చుకోవలసి వచ్చింది.

1998లో అదే పత్రికలో వజీర్ బృందం మరో అడుగు వేసి గ్రామీణ పిల్లల పోషణస్థితి, మానసిక-సామాజిక వికాసం, ఇంటి వాతావరణం అన్న మూడింటినీ కలిపి పరిశీలించింది. ఇల్లు అన్న మాట అంతవరకు పోషణ సర్వేల్లో ఆదాయం, కుటుంబసంఖ్య, వంటపాత్ర అన్న అర్థాల్లోనే వచ్చేది. ఇప్పుడది బిడ్డతో ఎవరు మాట్లాడతారు, ఆడుకునేందుకు ఏముంది అన్న అర్థాన్ని కూడా సంతరించుకొంది. పరిశోధన దృష్టి పళ్లెం నుంచి చేతికి మళ్లిన మలుపు ఇది.

6. నల్గొండ పల్లెల్లో ప్రయోగం:

ఈ మలుపు పర్యవసానం నల్గొండ జిల్లా గ్రామాల్లో జరిగిన ప్రయోగం. షహనాజ్ వజీర్, ఎన్. బాలకృష్ణ, సిల్వియా ఫెర్నాండెజ్ రావు తదితర సంస్థ పరిశోధకులు, మార్గరెట్ బెంట్లీ, పాట్రిస్ ఎంగిల్ వంటి విదేశీ శాస్త్రజ్ఞులు కలిసి నిర్వహించిన దీని ఫలితాలు 2013లో మాతాశిశు పోషణ పత్రికలో వెలువడ్డాయి.

అరవై గ్రామాలను యాదృచ్ఛిక పద్ధతిలో ఇరవయ్యేసి చొప్పున మూడు వర్గాలుగా విభజించారు. ఒక్కొక్క వర్గంలో 200 మంది తల్లీబిడ్డల జంటలు ఉన్నారు. మొదటి వర్గానికి అంగన్‌వాడీ ద్వారా మామూలుగా అందే సేవలే అందాయి. రెండవ వర్గంలో వాటితో పాటు తల్లిపాలు, అనుబంధాహారం గురించిన సూచనలు ఇంటింటికీ అందాయి. మూడవ వర్గంలో ఈ ఆహారసూచనలకు తోడు, బిడ్డ సంకేతాలకు స్పందిస్తూ తినిపించడం, బిడ్డతో ఆడటం నేర్పారు. ఆటకు వాడినవి ఐదు సాధారణమైన బొమ్మలే. సూచనలు అందించినవారు శిక్షణ పొందిన గ్రామీణ స్త్రీలు. బిడ్డకు మూడు నెలలు నిండినప్పటి నుంచి పదిహేను నెలల వరకు, ఏడాది పాటు, రెండు వారాలకొకసారి వారు ఇళ్లకు వెళ్లారు.

ఫలితాలు సూటిగా చెప్పుకోదగ్గవి. ఆహారసూచనలు అందిన రెండు వర్గాల్లోనూ పిల్లలు తీసుకున్న శక్తి, మాంసకృత్తులు, విటమిన్-ఎ, ఇనుము, జింక్ పెరిగాయి. వయసుకు తగిన ఎత్తు లేకపోవడం అన్న సమస్య రెండవ వర్గంలో తగ్గింది, ఆట కలిసిన మూడవ వర్గంలో తగ్గలేదు. బేలీ మానసిక వికాస కొలమానంలో మాత్రం మూడవ వర్గం పిల్లలు మామూలు సేవల వర్గం కంటే సగటున 3.1 పాయింట్లు ఎక్కువ సాధించారు. ఆహారసూచనలు మాత్రమే అందిన వర్గంలో ఈ మెరుగుదల కనిపించలేదు.

ఈ ఫలితాన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. అన్నం పెరిగినంత మాత్రాన బుద్ధివికాసం దానంతట అది పెరగలేదు. ఆట చేరినంత మాత్రాన ఎత్తు పెరగలేదు. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. ఒకే ఇంటి సందర్శనలో తినిపించడం, స్పందించడం, ఆడించడం అన్న మూడింటినీ చెప్పినప్పుడు ఏదో ఒక సందేశానికి దక్కే శ్రద్ధ తగ్గి ఉండవచ్చునన్న ఊహకు ఇక్కడ తావుంది. అది ఊహ మాత్రమే. 3.1 పాయింట్లు సగటు 100గా, ప్రామాణిక విచలనం 15గా ఉన్న కొలమానంలో చిన్న అంతరమే. కానీ ఆ అంతరాన్ని తెచ్చింది ఖరీదైన పరికరం కాదు. పక్కింటి స్త్రీ నేర్పిన ఆట, తల్లి చేతిలోని సాధారణమైన వస్తువు.

జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పిల్లల మీద సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం జరిపి 1991లో లాన్సెట్‌లో ప్రచురించిన ప్రయోగం ఈ కృషికి అంతర్జాతీయ పూర్వగామి. అక్కడ కూడా ఇంట్లో మిగిలిన వస్తువులతో చేసిన బొమ్మలే సాధనాలు. ఆహారం, ఆట రెండూ వికాసానికి తోడ్పడ్డాయనీ, రెండూ అందిన పిల్లలు అందరికంటే ఎక్కువ ప్రగతి చూపారనీ అది నిరూపించింది. 2012లో యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి వెలువరించిన శిశువికాస సంరక్షణ సూచనలు ఈ పరిశోధన పరంపర సారాన్ని వయసుల వారీగా పొందుపరిచాయి. పుట్టినప్పటి నుంచి బిడ్డ చూడటానికి, వినడానికి, కాళ్లూచేతులూ ఆడించడానికి వీలు కల్పించడం. తొలి నెలల్లో రంగు వస్తువును కంటి ముందు మెల్లగా కదిలించడం. ఆరు నెలలు దాటాక శుభ్రమైన, హానిలేని ఇంటి వస్తువులను పట్టుకోనివ్వడం, కొట్టనివ్వడం, పడవేయనివ్వడం. తొమ్మిది నెలలు దాటాక బొమ్మను గుడ్డ కింద దాచి వెతికించడం. ఏడాది దాటాక గిన్నెల్లో వస్తువులు వేసి తీయించడం, ఒకదాని మీద ఒకటి పేర్పించడం. తెలుగింటి నాయనమ్మకు ఇందులో కొత్తగా తోచేది దాదాపు ఏమీ లేదు. కొత్తది ఏమిటంటే, దీన్ని సేవగా గుర్తించి, ప్రతి ఇంటికీ చేర్చవలసిన బాధ్యతగా ప్రకటించడం.

7. ఎవరి తీరిక? ప్రాంగణం నుంచి వచ్చిన ప్రశ్న:

ఆటను పోషణతో కలిపిన ఈ ప్రగతికి ఒక పేచీ ఉంది. సూచనలన్నీ తల్లిని ఉద్దేశించినవే. తల్లికి సమయం ఉందా?

ఈ తరహా ప్రశ్నలకు భాషను ఇచ్చినది ఉస్మానియా ప్రాంగణంలోనే తొలి సంవత్సరాలు గడిపిన అన్వేషి స్త్రీల అధ్యయన పరిశోధన కేంద్రం. 1985లో ఏర్పడిన ఈ కేంద్రం స్త్రీల ఆరోగ్యాన్ని వైద్యసమస్యగా మాత్రమే కాక శ్రమ, అధికారం, జ్ఞానం అన్న కోణాల నుంచి చర్చించింది. దానితో సన్నిహితంగా పనిచేసిన వీణా శత్రుఘ్న తార్నాక సంస్థలోనే శాస్త్రవేత్తగా, ఉపసంచాలకురాలిగా ఉన్నారు. ప్రయోగశాలకూ ప్రాంగణానికీ నడుమ ఆమె కృషి వంతెన వంటిది. 2010లో వెలువడిన ఒక సంకలనంలో పోషణశాస్త్ర చరిత్ర మీద రాసిన విమర్శనాత్మక వ్యాసంలో, పేదల ఆహారాన్ని కారుచౌక ధాన్యపు కేలరీలకు కుదించిన విధాన దృష్టిని ఆమె నిశితంగా ప్రశ్నించారు. పాలు, గుడ్డు, మాంసం వంటివి పేదల పళ్లెం నుంచి లెక్కల పేరుతో ఎలా జారిపోయాయో ఆ చర్చ వివరిస్తుంది.

ఈ విమర్శను ఆటకూ వర్తింపజేయవచ్చు. పేదల అన్నాన్ని కారుచౌకగా లెక్కగట్టినట్లే, పేదపిల్లల ఆటను కూడా ఖర్చులేని వ్యవహారంగా భావించే ప్రమాదం ఉంది. గరిటెకు ఖర్చు లేదు. గరిటె ఇచ్చి ఎదురుగా కూర్చునే అరగంటకు ఖర్చుంది. నాట్లకాలంలో కూలికి పోయే తల్లికి ఆ అరగంట కూలిలో కోత. ఆ కోత సంగతి తలపెట్టకుండా ‘ఇంటి వస్తువులతో ఆడించండి’ అని బోధిస్తే, వికాసలోపం కూడా తల్లి అజ్ఞానం ఖాతాలో పడుతుంది. ఆహార విషయంలో ఈ నింద ఎంతకాలం సాగిందో పోషణశాస్త్ర చరిత్రకు తెలుసు. కాబట్టి ప్రసూతి సెలవు, పనిచోట శిశుసంరక్షణ కేంద్రం, తండ్రి భాగస్వామ్యం అన్నవి ఇంద్రియక్రీడకు బయటి విషయాలు కావు. అవి ఉంటేనే ఆట సాగుతుంది.

భద్రత కూడా ఇదే కోవలోకి వస్తుంది. చింతపిక్క, శనగగింజ, బొత్తాం, నాణెం వంటివి పసిబిడ్డ గొంతుకు అడ్డుపడతాయి. నీళ్లబకెట్టు, పొయ్యి, విరిగిన ప్లాస్టిక్ అంచు, ప్లాస్టిక్ సంచి ప్రమాదకరాలు. వస్తువు బిడ్డ నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దదిగా, కడగడానికి వీలుగా, పదును లేనిదిగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం పక్కన చూసే కన్ను ఉండాలి. ఆ కన్నుకు తీరిక కావాలి.

8. నాచారం పొట్లం, నవచేతన పుస్తకం:

1975 అక్టోబర్ 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో మూడేళ్లలోపు బిడ్డకు ప్రధానంగా ఇంటికి అందేది ఆహారం. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల వరకు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన ఈ పిండి తార్నాకకు చేరువలోని నాచారంలో ఉన్న తెలంగాణ ఫుడ్స్ కర్మాగారంలో తయారవుతుంది. మూడేళ్లు నిండాకనే బిడ్డ ఆటపాటల కోసం అంగన్‌వాడీలో కూర్చుంటుంది. అంటే ఇంద్రియాలు అత్యంత చురుకుగా ఉండే మొదటి వెయ్యి రోజులకు ప్రభుత్వం నుంచి అందినది పొట్లం, అందనిది ఆట.

2013 నాటి జాతీయ బాల్యపూర్వ సంరక్షణ, విద్యావిధానం పుట్టుక నుంచి ఆరేళ్ల వరకు అందరు పిల్లలనూ తన పరిధిలోకి తెచ్చింది. కానీ 2020 నాటి జాతీయ విద్యావిధానంలోని పునాది దశ మూడేళ్ల నుంచే లెక్కలోకి వస్తుంది. ఈ ఖాళీని గుర్తించి కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2024 మార్చిలో పుట్టుక నుంచి మూడేళ్ల వరకు పిల్లల కోసం ‘నవచేతన’ అన్న ప్రేరణ చట్రాన్ని విడుదల చేసింది. 36 నెలలకు విస్తరించిన దాని పంచాంగంలో 140 కృత్యాలు ఉన్నాయి. మాట్లాడటం, పాడటం, ఆడటం, ఇంట్లో దొరికే వస్తువులను వాడటం దాని స్వభావం. 1968లో కన్నూచేతుల పొత్తు గురించి తార్నాకలో మొదలైన ప్రశ్న, 2013లో అరవై గ్రామాల్లో రుజువైన ఆలోచన, ఇక్కడ దేశవ్యాప్త మార్గదర్శిగా కనిపిస్తుంది.

మార్గదర్శి ఒక్కటే సరిపోదు. నల్గొండ ప్రయోగంలో ఇళ్లకు వెళ్లినవారికి ఆ ఒక్క పని ఉంది. అంగన్‌వాడీ కార్యకర్తకు తూకం, నమోదు, వంట, పంపిణీ, సర్వే అన్నీ ఉన్నాయి. ఆ పనులన్నిటి చివర 140 కృత్యాలు చేరితే అవి పుస్తకంలోనే మిగిలే అవకాశం ఉంది.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• పసిపిల్లల ఇంద్రియక్రీడ తెలుగు సమాజంలో నిత్యకృత్యం, గృహవస్తువు, సంస్కారం అన్న మూడు రూపాల్లో ఉంది. పేరులేని ఆట కావడం వల్ల జానపద పరిశోధన దాన్ని విడిగా గుర్తించలేదు.

• తార్నాక పోషణ పరిశోధన 1968లో ఇంద్రియ సమన్వయాన్ని, 1990లలో వికాసాన్నీ ఇంటి వాతావరణాన్నీ, 2013 నాటికి ఆటను తన పరిధిలోకి తెచ్చుకొంది. ఆకలిని లోతుగా పరిశీలించిన కొద్దీ అది ఆట దగ్గరికి చేరింది.

• నల్గొండ ప్రయోగం అన్నం, ఆట రెండూ వేరువేరు అవసరాలని చూపింది. ఒకటి ఇచ్చి రెండవదానికి సమాధానం చెప్పడం కుదరదు.

• వస్తువు చౌక, తీరిక ఖరీదు. స్త్రీల శ్రమను లెక్కించని ఏ కార్యక్రమమైనా తల్లి మీద మరో భారాన్నే మోపుతుంది.

• జానపద విజ్ఞానం సేకరించిన లాలిపాటలను, బిడ్డను ఆడించే పాటలను వయసు, వస్తువు, కదలిక అన్న కోణాల నుంచి తిరిగి చదివితే నవచేతన వంటి కార్యక్రమాలకు తెలుగులో సిద్ధమైన సామగ్రి లభిస్తుంది. తెలుగుశాఖలు, పోషణ పరిశోధకులు కలిసి చేయదగిన పని ఇది.

ఉస్మానియా ప్రాంగణం నుంచి జాతీయ పోషకాహార సంస్థకు కాలినడకన చేరవచ్చు. పాటను సేకరించిన శాస్త్రానికీ గిన్నెను కొలిచిన శాస్త్రానికీ మధ్య దూరం మాత్రం అరవై ఏళ్లకు పైగా తరగలేదు. గిన్నెను బోర్లించి గరిటెతో కొడుతున్న బిడ్డకు ఆ రెండూ వేరని తెలియదు. ఆ బిడ్డకు కడుపు నిండాలి. ఆ చప్పుడు విని తలెత్తి నవ్వే మనిషీ ఎదురుగా ఉండాలి.